కాలి నుంచి ఒకటి, గుండె నుంచి ఒకటి

పోయిన వారం మనం వదినని మెట్ల మీద వదిలేసి వచ్చాం. చేతిలో ఆపరేషన్ సామాను పెట్టె, భుజాన సంచి, పెదవుల మీద ఇక ఎవరితోనూ మాట్లాడేది లేదన్నంత బిగువు. అలా మధ్యలో వదిలేసి రావడానికి నాకూ మనసొప్పలేదు. వారమంతా అదే బెంగ. అందుకని నేరుగా ఆ మెట్ల దగ్గరికే పోదాం.

దారిలో, కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఆ పరిశోధనశాలలో గుండెపోటుకి ఒక కొత్త మందుని ఎలుకల మీద పరీక్షిస్తున్నారు. ఎలుకకి మత్తిచ్చి, గుండెకి రక్తం తీసుకెళ్లే సన్నని నాళాన్ని దారంతో ముడేస్తారు. మనిషికొచ్చే గుండెపోటు లాంటిదే అది. ముడి వేసేది వదిన. పశువుల డాక్టరు. ఆ అంతస్తులో అందరూ ఆమెని వదిన అనే పిలుస్తారు గాని, నిజంగా వరసకి వదిన అయ్యేది ఒక్క పిచ్చుకకే. పిచ్చుక అంటే ఆమె ఆడపడుచు. పేరు వేరే ఉంది, ఇంట్లో ఎవరూ వాడరు. మర్నాడు ఎలుకకి మళ్లీ మత్తిచ్చి, మెలకువ రాకుండానే సాగనంపి, దాని రక్తాన్ని పరీక్ష చేసేది ఈ పిచ్చుక.

రక్తంలో వెతికేది ట్రోపోనిన్ అనే పదార్థాన్ని. అది ఉండాల్సిన చోటు గుండె కండరం. కండరం చచ్చిన చోటల్లా అది రక్తంలోకి కారుతుంది. పోయిన ఏడు పిచ్చుక వాళ్లన్నయ్యకి గుండెపోటు వచ్చినప్పుడు ఆస్పత్రిలో డాక్టరు కూడా ఈ అంకె చూసే మొహం ముడుచుకున్నాడు. "అంకె చూసి గుండె సంగతి ఎలా చెప్తారే?" అని అన్నయ్య అడిగితే పిచ్చుక చెప్పింది: "సంచి ఎంత చిరిగిందో, కింద పడ్డ గింజల్ని చూసి చెప్పమా? అలాగే." అన్నయ్యకి ఆ పోలిక నచ్చింది. ఇప్పటికీ ఎవరైనా ఆరోగ్యం ఎలా ఉందంటే "సంచి కుట్టించుకుంటున్నా" అంటాడు.

ఎలుకలు మూడు రకాలు. నీలం రంగు పూసిన తోకలు, ఆకుపచ్చ రంగు పూసిన తోకలు. ఈ రెండింటికీ ముడి పడుతుంది. ఒక రంగుకి మందు, ఇంకో రంగుకి ఉత్త ఉప్పునీళ్లు. ఏ రంగుకి ఏదన్నది వదినకీ తెలియదు, పిచ్చుకకీ తెలియదు, ప్రాజెక్టు నడిపే పెద్దాయనకీ తెలియదు. తెలిస్తే కన్ను తనకి కావలసిందే చూస్తుందని అలా పెట్టుకున్నారు. మూడో రకానికి తోక మీద రంగు లేదు. వాటికి ఛాతీ తెరిచి, ముడి వేయకుండా మూసేస్తారు. వాటి రక్తంలో ట్రోపోనిన్ ఏదో కాస్త ఉంటే ఉండాలి, లేకపోతే లేదు.

కాని కుప్పలుగా ఉంది. నీలంలో ఎంతో ఆకుపచ్చలో అంత. రంగులేని వాటిలోనూ ఇంచుమించు అంతే.

"ముడి వేయని గుండె ఇలా ఉందంటే, తెరిచిన చెయ్యే దాన్ని నలిపి ఉండాలి," అన్నాడు పెద్దాయన. సాయంత్రం కమిటీ కూర్చుని ప్రాజెక్టు మూసేస్తుందని కూడా అన్నాడు. వదిన ఆ మాట విని పెట్టె సర్దుకుంది.

అదీ సంగతి. ఇదిగో మెట్లు.

మలుపు దగ్గర పిచ్చుక అడ్డంగా నిలబడి ఉంది.

"తప్పుకో," అంది వదిన.

"తప్పుకోను."

"నువ్వు అడ్డం నిలబడితే ఎవరాగుతారే? నీ పక్కనించి ఇద్దరు నడిచిపోవచ్చు."

మామూలు రోజైతే పిచ్చుక దీనికి ఏదో ఒకటి అంటించేది. ఇవాళ నవ్వు రాలేదు. "ఇంకొక్క ఎలుక ఉంది వదినా. ఆఖరిది. దాని పని అయ్యాక వెళ్లు."

"రంగు లేనిదేగా? దాని ఛాతీ తెరిచిందీ నేనే. దాన్నీ నలిపే ఉంటాను."

"ఆయన మాటవరసకి అన్నాడు."

"మాటవరసకో, మనసారానో, అన్నాడు. నువ్వు ఆయన పక్కనే నిలబడి విన్నావు. నోరు తెరిచావా?"

పిచ్చుక తల దించుకుంది. వదినకి తగిలిన అసలు దెబ్బ అదే. పెద్దాయన బయటివాడు, ఏమైనా అంటాడు. కొత్తకోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున, ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక నిలబడి ఉంటే, చెయ్యి పట్టుకుని లాగి తన పక్కన కూర్చోబెట్టుకున్న పిల్ల ఇది. ఆ పిల్ల ఇవాళ గోడకేసి చూస్తూ ఊరుకుంది.

"ఏమని తెరవను?" అంది పిచ్చుక చివరికి. "అంకెలు తీసింది నేనేగా. నా అంకెల్ని నేనే కాదంటానా?"

"అంకెలు నీవి. చెయ్యి నాది. రెండింట్లో ఏదో ఒకటి తప్పు. నీ అంకెలు తప్పని నీకనిపించలేదు. అంతేగా?" వదిన పెట్టెని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "పశువుల ఆస్పత్రి వాళ్లు రమ్మంటున్నారు. ఆవులు నన్ను అనుమానించవు. మీ అన్నయ్యని కూడా తీసుకెళ్తున్నా. అక్కడిచ్చే ఇంటికి మెట్లు లేవు. వెళ్తున్నాను."

వెళ్తున్నాను అంది. వెళ్లొస్తాను అనలేదు.

ఆ మాట ఎవరెలా అంటారో చెవి రిక్కించి వినడం పిచ్చుకకి చిన్నప్పటి నుంచీ ఉంది. మొన్నటికి మొన్న లేబులు కూడా ఇలాగే అన్నాడు. లేబులు మీకు గుర్తున్నాడు కదా, మందు సీసాలు కలిపే ఫార్మసీ అబ్బాయి? సీసాలకే కాదు, గొడుగుకీ, టీ కప్పుకీ, ఆఖరికి స్టూలు అడుగున కూడా చీటీ అంటించుకునేవాడు. మంచి కబురైనా చెడ్డ కబురైనా ఎదుటి మనిషిని కూర్చోబెట్టి గాని చెప్పేవాడు కాదు. పెళ్లి మాట అడిగిన రోజున కూడా ముందు స్టూలు జరిపాడు. "ప్రాజెక్టు అయ్యాక చూద్దాం," అంది పిచ్చుక. అతను ఇంకో ఊళ్లో ఉద్యోగం చూసుకున్నాడు. "వెళ్తున్నాను," అన్నాడు. సాగనంపడానికి ఈ పిల్ల వెళ్లనే లేదు.

"సరే," అంది పిచ్చుక. "ఆపను. కాని ఈ ఆఖరిదాని దగ్గర నాకు తోడుండు. ఇవాళ నావల్ల కాదు."

వదిన ఆమె మొహం చూసింది. కళ్లు అప్పుడే ఎర్రగా ఉన్నాయి.

"ఏడుస్తావనేగా ఆ గది తలుపేసుకునేది," అంది. గొంతులో బిగువు కాస్త సడలింది. "ఎవరికీ తెలియదనుకుంటావు. ఊడ్చేవాళ్లకి కూడా తెలుసు. పద."

పిచ్చుక గది చిన్నది. ఒక బల్ల, కిందికి వంచుకునే దీపం, గోడవారన రక్తం గొట్టాల్ని తిప్పే యంత్రం, మూల ఐసు డబ్బా. చెక్కపొట్టు వాసన, స్పిరిటు వాసన కలిసి ఉంటాయి. ఇన్నాళ్లుగా ఆపరేషన్ గది ఎదురుగానే ఉన్నా, వదిన ఈ తలుపు దాటి లోపలికి రావడం ఇదే మొదలు. ఒకరి పని అయ్యాక ఇంకొకరి పని. మధ్యలో ఆ తలుపు.

ఎలుక మత్తులో ఉంది. ముక్కు మీద చిన్న తొడుగు. పక్కటెముకల మీద వదిన వేసిన కుట్టు సన్నగా, తిన్నగా ఉంది. పిచ్చుక కాలివేలు నొక్కి చూసింది. కదల్లేదు. దాని చెవి వెనక వేలితో రాసింది.

"వెళ్లిరా తల్లీ," అంది మెల్లిగా.

వదిన మొహం పక్కకి తిప్పుకుంది. మళ్లీ ఇటు తిరిగేసరికి పిచ్చుక చేతిలో సిరంజి ఉంది. సూది మొన పక్కటెముకల కింద, ఎడమవైపుకి వాలి ఉంది.

"ఆగు! ఎక్కడికే ఆ సూది?"

పిచ్చుక ఉలిక్కిపడింది. "గుండెకి."

"గుండెకా?"

"మరి రక్తం ఎక్కడినించి తీయను?"

"అన్నిటికీ ఇలాగే తీశావా?"

"అన్నిటికీ. ఎందుకలా చూస్తున్నావు?"

"కాలి నరం నుంచి తీయాలని కదే మొదట్లో అనుకున్నాం?"

"అనుకున్నాం. మెలకువలో కాలు పట్టుకుంటే అవి కీచుమంటున్నాయి వదినా. గింజుకుంటున్నాయి. రెండు రోజులు చూశాను, నావల్ల కాలేదు. చివర్లో మత్తులో ఉన్నప్పుడు తీస్తానని పెద్దాయన్ని అడిగితే సరేనన్నాడు. గుండె నుంచైతే ఒక్క పోటుతో అయిపోతుంది. వాటికేమీ తెలియదు."

"చివర్లో అంటే పొట్టలో ఉండే పెద్ద నరం నుంచి అనుకుని ఉంటాడు ఆయన. నేనూ అలాగే అనుకున్నాను." వదిన సంచిని నేల మీద పడేసింది. "పిచ్చి మొహమా! సంచికి చిరుగుందో లేదో చూడ్డానికి ఎవరైనా సంచిని కత్తితో పొడుస్తారా?"

పిచ్చుకకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమవుతుంటే ఆ మొహం చూడాలి. మొదట పాలిపోయింది, ఆపైన ఎర్రబడింది, ఆ తర్వాత చేతిలోని సూదిని అదేదో తేలైనట్టు దూరంగా పట్టుకుంది.

ఏ కండరం చావుని కొలవాలో ఆ కండరంలోంచే సూది దూర్చింది. దూరిన ప్రతిసారీ కండరం చిట్లింది, అందులోని ట్రోపోనిన్ గొట్టంలోకి వచ్చింది. ముడి పడిన గుండైనా, పడని గుండైనా ఒకటే. నీలం, ఆకుపచ్చ, రంగులేనిది, అన్నీ ఒకే కుప్ప. ఎలుకల మీద జాలితో చేసిన పని అది. జాలిపడి తలుపేసుకుంది కాబట్టే ఎవరి కంటా పడలేదు.

"వదినా, నేను..."

"ఇప్పుడేడవకు. చెయ్యి వణికితే ఇదీ పోతుంది." వదిన అప్పటికే చేతులు కడుక్కుంటోంది. "ముందు కాలి నుంచి నేను తీస్తాను. తర్వాత నీ పద్ధతిలో గుండె నుంచి నువ్వు తియ్యి. ఒకే ఎలుక, రెండు గొట్టాలు. అప్పుడు తెలుస్తుంది ఎవరు నలిపారో."

అలాగే చేశారు. వదిన కాలి మీద వెంట్రుకలు పక్కకి దువ్వి, నరం మీద సూది ఆనించింది. చుక్క తర్వాత చుక్క, ఎర్రగా, తొందరలేకుండా. తర్వాత పిచ్చుక వంతు. దీపం కింద రెండు తలలు ఆనుకున్నాయి. అంతా అయ్యాక, ఎలుక ఊపిరి నెమ్మదించి ఆగిపోయాక, ఈసారి వదినే దాని చెవి వెనక వేలితో రాసింది. ఏమందో వినపడలేదు.

గొట్టాలు తిరిగాయి. ఎర్రది అడుగుకి దిగి, పైన లేత పసుపు తేట నిలిచింది. దాన్ని పరీక్ష యంత్రంలో పెట్టి ఇద్దరూ చెరో గోడకి ఆనుకున్నారు. యంత్రం తన పని తాను తాపీగా చేసుకుంటోంది. ఇంతలో వదిన ఫోను మోగింది.

"ఏమిటి ఇద్దరూ? భోజనం మానేసి ఎలుకలతో సంసారం చేస్తున్నారా?" అన్నయ్య గొంతు గదంతా వినపడింది. ఆయనకి ఫోనులో మెల్లిగా మాట్లాడడం రాదు.

"ఎక్కడున్నావు? ఆ ఆయాసమేంటి?" అంది వదిన.

"ఆయాసం కాదు, గర్వం. కిందికెళ్లి పాలు తెచ్చాను. పైకి వచ్చేటప్పుడు మలుపు దగ్గర ఆగలేదు. మెట్ల పక్క కమ్మీ కూడా పట్టుకోలేదు. సాక్షిగా పక్కింటాయన ఉన్నాడు."

"ఎవరు వెళ్లమన్నారు నిన్ను?"

"మెట్లు లేని ఇంటికి పోతున్నామని సామాను కడుతున్నావుగా. ఎక్కడానికి మళ్లీ దొరుకుతాయో దొరకవో అని ఎక్కాను. అన్నట్టు, చెల్లాయి ఏడుస్తోందా?"

"లేదు," అంది వదిన, చెల్లాయి వైపు చూస్తూ. "ముక్కు చీదుతోంది. పెట్టేస్తున్నా."

యంత్రం కూతపెట్టింది.

కాలి గొట్టంలో ట్రోపోనిన్ దాదాపు లేదు. గుండె గొట్టంలో మిగతా ఎలుకలన్నిటిలో ఉన్నట్టే కుప్పలుగా ఉంది. అదే ఎలుక. మధ్యలో పోయిన కాలం, రెండు తలలు దీపం కిందికి వంగినంత సేపు.

పిచ్చుక తలుపు తెరిచి, వరండాలోకి పరిగెత్తి, పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆయన సాయంత్రం కమిటీ కోసమని ఇప్పటి నుంచే కోటు తొడుక్కుంటున్నాడు. ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి బయట. అలాగే నిలబడి రెండు అంకెలూ చూశాడు. పిచ్చుక సూది సంగతి ఏమీ దాచకుండా చెప్పింది. ఆయన రెండో చెయ్యి కోటులో పెట్టబోయి మానేశాడు.

"ఇన్నేళ్ల సర్వీసులో నాతో ఎలుక అబద్ధం చెప్పలేదు," అన్నాడు చివరికి. "మనమే తప్పు చోట అడిగాం. అమ్మాయ్, చివర్లో అంటే ఎక్కడినించి అని నేను ఒక్క మాట అడిగి ఉండాల్సింది. అడగలేదు." తర్వాత వదిన వైపు తిరిగాడు. "డాక్టరమ్మా, నీ చేతిని అనుమానించాను."

"అనుమానించారు."

"తప్పయింది."

"కోటు పూర్తిగా వేసుకుని చెప్పండి సార్. సగమే తప్పు ఒప్పుకున్నట్టుంది."

ఆయన నవ్వాడు. ఆ గదిలో పొద్దుటి నుంచి నవ్విన మొదటి మనిషి ఆయనే. కాని నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "తప్పెక్కడుందో తెలిసింది. మంచిదే. కాని ఇన్నాళ్లు తీసిన రక్తమంతా గుండె నుంచి తీసిందే కదా? పారబోయాల్సిందే. కమిటీకి ఏం చూపించను? మళ్లీ మొదటి నుంచి చేస్తామంటే ఒప్పుకోరు. ఇన్ని ప్రాణాలు తీసి, చేతిలో ఏముందంటే..."

పిచ్చుక బల్ల అంచు పట్టుకుంది. ఒక్కొక్కదానికీ వెళ్లిరా అని చెప్పింది ఆ పిల్ల. అన్నీ ఊరికే వెళ్లాయా?

"పారబోయక్కర్లేదు," అంది వదిన.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఆపరేషన్ మర్నాడు పొద్దున్నే వాటికి నొప్పి తెలియకుండా మందిస్తాను కదా? అప్పుడే, రక్తం మరీ తగ్గిపోయిందేమోనని, కాలి నుంచి నాలుగు చుక్కలు తీసి చూసుకుంటాను. పశువులకీ అంతే చేస్తాను, అలవాటు. చూశాక మిగిలిన తేట పారేయడానికి చెయ్యి రాదు. నా గది ఫ్రీజర్‌లో ఉంది."

"అన్ని ఎలుకలదీనా?" పెద్దాయన గొంతు సన్నబడింది.

"మూడు రకాలదీ. తోక రంగుతో సహా రాసి పెట్టాను."

"మరి కీచుమనేవి కావా?" అంది పిచ్చుక.

"తువ్వాలు చుట్టి, తల చీకట్లో ఉండేట్టు చంకలో పెట్టుకుంటే చంటిపిల్లల్లా పడుకుంటాయి. అడిగితే నేర్పేదాన్ని కదే! తలుపేసుకుని ఏడవడమే గాని..." ఆమె మాట ఆపి, ఆడపడుచు భుజం మీద ఒక్కటి వేసింది. గట్టిగానే వేసింది. "ఉండు. ఐసు డబ్బాలో పెట్టుకుని తెస్తా. వెళ్లొస్తా."

వెళ్లొస్తా అంది. పిచ్చుక విన్నది. ఇంకెవరూ పట్టించుకోలేదు.

వదిన వచ్చింది. చిన్న చిన్న గొట్టాలు. నాలుగు చుక్కల తేటని కాస్త పల్చన చేసుకుంటే ఆ యంత్రానికి చాలు. మధ్యాహ్నమంతా ముగ్గురూ అక్కడే ఉన్నారు. పెద్దాయన కోటు విప్పి కుర్చీకి తగిలించి, గొట్టాలు అందించే పనికి కుదిరాడు. రెండుసార్లు తారుమారుగా అందించబోయి వదిన చేత చివాట్లు తిన్నాడు.

మొదట రంగులేనివి. అన్నీ అడుగునే, ఒక్కటి కూడా తల ఎత్తలేదు. వదిన గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత నీలం. అన్నీ పైన, గుండెపోటు వచ్చిన గుండెలు ఎక్కడుండాలో అక్కడ. తర్వాత ఆకుపచ్చ.

ఆకుపచ్చవి మధ్యలో ఆగాయి. నీలం వాటికి చాలా కింద. ఒకటి కాదు, రెండు కాదు, వరసగా అన్నీ. అవీ అదే ముడి పడిన గుండెలే. వేసిన చెయ్యీ ఒకటే. కాని దెబ్బ తక్కువ.

పిచ్చుక ఆ అంకెల్ని మళ్లీ మొదటి నుంచి చదివింది.

"ఆకుపచ్చకి పడింది మందైతే..." అంది పిచ్చుక.

"ఉప్పునీళ్లైతే?" అంది వదిన మెల్లిగా. "అప్పుడు మన మందు గుండెని ఇంకా పాడు చేసినట్టు."

ఎవరికి తెలుసు? రంగుల గుట్టు రాసిన కాగితం ఆఫీసు ఇనప్పెట్టెలో ఉంది గాని, కమిటీ కూర్చుంటే గాని అది తెరవరు. కమిటీ కూర్చునేది మూసేయడానికి. ముందుగా తెలిస్తేనే పెద్దాయన అక్కడ నోరు విప్పి పోట్లాడగలడు. కాగితం కాకుండా ఆ గుట్టు తెలిసిన మనిషి ఒక్కడే. సీసాలు కలిపినవాడు.

"రక్తం పరీక్షలన్నీ అయ్యాక నన్ను అడగొచ్చు, ఒక్కటి మిగిలినా చెప్పను అని పోయేముందు మాటిచ్చి పోయాడు," అన్నాడు పెద్దాయన. "అన్నీ అయ్యాయి. ఫోన్ చేయాలి. నా దగ్గర వాడి నంబరు లేదు."

ఆయన ఫోను ఆయన చేతిలోనే ఉంది. దాన్ని మెల్లిగా జేబులో వేసుకున్నాడు. వదిన కిటికీలోంచి ఏదో చాలా ముఖ్యమైనది చూస్తున్నట్టు నిలబడింది.

పిచ్చుక ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మీరిద్దరూ అబద్ధాలాడ్డం బొత్తిగా చేతకానివాళ్లు," అంది. స్పీకరు పెట్టి నంబరు నొక్కింది. అది వేళ్లకి ఇంకా గుర్తుంది.

మోగింది. ఆగకుండా మోగింది. పెట్టేద్దామనుకుంటుండగా అవతల ఎత్తారు. హలో లేదు, ఎవరూ అని లేదు. అంటించే చీటీల చుట్ట నుంచి ఒకటి ఊడదీస్తున్న చర్రుమనే చప్పుడు వినపడింది. ఆ చప్పుడు ఎవరిదో ఆమెకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"ఏ రంగు తగ్గింది?" అన్నాడు.

ఎలా ఉన్నావు అని అడగాలనుకుంది. ఆ రోజు స్టేషనుకి రాలేదు, క్షమించు అనాలనుకుంది. గొంతులోంచి ఒక్క మాటే వచ్చింది.

"ఆకుపచ్చ."

చీటీ చప్పుడు ఆగిపోయింది. పెద్దాయన కుర్చీ మీది కోటుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"నిలబడి ఉన్నావా?" అన్నాడు లేబులు.

"ఊఁ."

"ముందు కూర్చో పిచ్చుకా."

వదిన కాలితో స్టూలుని ఆమె వెనక్కి తోసింది.